మేము, మన: నల్లగొండ, పాలమూరు నీటి ఉద్యమ వాఙ్మయంలో అర్జీ స్వరం

తెలంగాణ నీటి సాహిత్యాన్ని గురించి గడచిన రెండు మూడు దశాబ్దాలలో వచ్చిన విమర్శలో 'గోస' అన్నంత తరచుగా కనిపించే మాట మరొకటి లేదు. నల్లగొండ ఫ్లోరైడును గురించి రాసినా, పాలమూరు వలసను గురించి రాసినా వస్తువును సూచించే మాట అదే, రసాన్ని సూచించే మాట అదే, చివరికి విలువను నిర్ణయించే మాట కూడా అదే అయింది. గోసను ఎంత గాఢంగా పలికిస్తే కవిత అంత గొప్పదన్న కొలమానం పీఠికలలో, సమీక్షలలో, సిద్ధాంత గ్రంథాలలో స్థిరపడింది. ఈ కొలమానం వల్ల ఒక ముఖ్యమైన విషయం మన దృష్టినుండి జారిపోయిందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఈ రెండు జిల్లాల ప్రజలు తాగునీటి కోసం మాట్లాడిన భాష ప్రధానంగా విలాపభాష కాదు, అడిగే భాష. అడిగినదానికి జవాబు రావాలని ఎదురుచూసే భాష. దీనిని ఇక్కడ 'అర్జీ స్వరం' అని వ్యవహరిస్తున్నాను. దానికి తనదైన వ్యాకరణం, అలంకారం, పరంపర ఉన్నాయి. విమర్శ వాటిని సాహిత్యేతరమని పక్కన పెట్టింది.

ఈ వ్యాసంలో నల్లగొండ, మహబూబునగరు (పాలమూరు) అన్నప్పుడు 2016 పునర్విభజనకు పూర్వపు ఉమ్మడి జిల్లాలని గ్రహించాలి.

నిరపేక్షం, సాపేక్షం

భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో కరుణరసానికీ విప్రలంభ శృంగారానికీ భేదం చెబుతూ కరుణను నిరపేక్ష భావమనీ, విప్రలంభాన్ని సాపేక్ష భావమనీ అన్నాడు. ఇక్కడ సాపేక్షమంటే నేటి వాడుకలోని 'పోల్చి చూడదగినది' కాదు, అపేక్షతో కూడినది. పోయినది తిరిగి రాదన్న నిశ్చయం కలిగినచోట కరుణ. తిరిగి వస్తుందన్న ఆశ మిగిలి ఉన్నచోట, కన్నీరు అంతే ఉన్నా, అది కరుణ కాదు. ఆలంకారికులు ఈ భేదాన్ని నాయికానాయకుల ఎడబాటుకు పరిమితం చేసి చర్చించారు కాని, ఒక ఊరికీ దాని నీటికీ మధ్య ఉన్న సంబంధాన్ని పరిశీలించడానికి కూడా ఇది పనికివస్తుంది.

ఫ్లోరైడు విషయంలో ఈ భేదం కేవలం శాస్త్రచర్చ కాదు. భారతదేశంలో ఈ వ్యాధిని గురించిన తొలి వైద్య నివేదిక 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు ప్రాంతం గురించి ప్రకటించినది. 1940లలో నల్లగొండ గ్రామాల పేర్లు కూడా వైద్య పత్రికలకెక్కాయి. మెట్టప్రాంతపు నల్లరాతి పొరలనుండి కరిగి భూగర్భజలంలో చేరే ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ఆ నీరు తాగరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రమాణం. భారతీయ ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రామే వాంఛనీయ పరిమితి, వేరే నీరు దొరకనిచోట మాత్రమే 1.5 దాకా సడలింపు. పళ్లమీది మచ్చలు పసితనంలో, పన్ను రూపుదిద్దుకొనే వయసులో తాగిన నీటివల్ల వస్తాయి. ఎముకలు గట్టిపడి, కీళ్లు బిగిసి, వెన్ను వంగితే దానిని వెనక్కు తిప్పే వైద్యం లేదు. నివారణ ఒక్కటే మార్గం, అది మంచినీరు.

అంటే ఒకే ఇంట్లో రెండు భావాలకూ చోటున్నది. వంగిన వెన్నుతో మంచం పట్టిన తాత విషయంలో మన భావం నిరపేక్షం, అది కరుణే. ఇంకా పాలపళ్లు రాలని మనుమరాలి విషయంలో అది సాపేక్షం. నీరు మారితే ఆ పిల్ల పన్ను మారుతుంది, ఎముక మారుతుంది. గోస కొలమానం ఈ ఇంట్లో తాతను మాత్రమే చూసింది. వంగిన శరీరాన్ని విల్లుతోనో కొడవలితోనో ప్రశ్నార్థక చిహ్నంతోనో పోల్చే ఉపమానాలు ఈ అంశంపై వచ్చిన వచనకవిత్వంలో పదేపదే కనిపించడానికి కారణం ఇదే. ప్రశ్నార్థకంతో పోల్చినచోట కూడా ఆ శరీరం అడుగుతున్న ప్రశ్న ఏమిటి, ఎవరిని అడుగుతున్నది అన్నది కవితలో ఉండదు. ఉపమానం ఆకారంతోనే ఆగిపోతుంది.

'గోస' అన్న మాటకు కూడా ఈ విమర్శ అన్యాయం చేసిందనుకుంటాను. తెలంగాణ వాడుకలో గోస కేవలం పడేది కాదు, తగిలేది కూడా. 'మా గోస తగులుతది', 'గోస పోసుకోవద్దు' అన్న ప్రయోగాలలో గోస కారకుడి వైపు సాగుతుంది. దానికొక ఎదుటివాడు ఉన్నాడు. పల్లెలో ఆ మాట అన్న ముసలమ్మ ఏడుస్తూ ఉండవచ్చు గాని ఆమె వాక్యం విలాపం కాదు, అభియోగం. మన పీఠికలు ఆ ఎదుటివాణ్ణి తొలగించి గోసను అకర్మకం చేశాయి.

అడగటానికి ఉన్న మాటలు

అడగటానికి తెలుగులో ఉన్న మాటల పట్టిక పెద్దదే: మనవి, విన్నపం, విజ్ఞప్తి, అర్జీ, దరఖాస్తు, మహజరు, వినతిపత్రం. వీటిలో అర్జీ, దరఖాస్తు, మహజరు పాలనా వ్యవహారం ద్వారా అరబ్బీ, పారశీకాలనుండి వచ్చినవి. ఊరంతా కలిసి పెట్టుకొనే విన్నపానికి మహజరన్న మాట ఉండటం గమనించదగ్గది. ఒక్కడు పెట్టుకొనేది ఒకటి, పదిమంది పెట్టుకొనేది మరొకటి అన్న స్పృహ ఆ మాటలోనే ఉన్నది.

విన్నపం మన ప్రాచీన సాహిత్యానికి కొత్తది కాదు. సంకీర్తనల్లోనూ శతకాల్లోనూ భక్తుడు దేవుడి ముందు పెట్టేది విన్నపమే. జవాబు ఆలస్యమైనప్పుడు ఆ విన్నపం నిలదీతగా మారటం కంచర్ల గోపన్న చెరసాల కీర్తనలు ఎరిగిన వారందరికీ తెలిసినదే. గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకంలో దండయాత్ర వేళ దేవుడు కదలకపోవడాన్ని ఎత్తిపొడిచాడు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలో నిందాస్తుతిని, అంటే పైకి ఒకటి చెప్పి లోపల దానికి విరుద్ధమైనది స్ఫురింపజేయడాన్ని, శతకం పొడవునా నడిపాడు. ఈ కవులెవరూ ఈ రెండు జిల్లాల వారు కారు. అయినా జవాబుదారీ ఉన్న శక్తిని మర్యాద చెడకుండా నిలదీయటమెలాగో తెలుగు పాఠకుడు వీరివద్ద ఎప్పుడో నేర్చుకున్నాడు. ఈ వ్యాసంలో తరువాత చర్చించబోయే 1996 నాటి ఘటనను అర్థం చేసుకోవటానికి ఈ నేర్పు అవసరమవుతుంది.

ఆధునిక కాలంలో అర్జీ స్వరానికి ఈ ప్రాంతంలో తొలి వేదికలు పత్రికలు, సభలు. 1922లో షబ్నవీసు వెంకటరామనరసింహారావు నల్లగొండనుండి నడిపిన నీలగిరి పత్రిక, 1926లో పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదునుండి ప్రారంభించిన గోలకొండ పత్రిక మొదటి కోవలోనివి. నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభలు రెండవ కోవలోనివి. 1930లో జోగిపేటలో సురవరం అధ్యక్షతన మొదటి సభ జరిగింది. ఆ తరువాతి సభలలో దేవరకొండ (1931), షాద్‌నగర్ (1936), మల్కాపురం (1940), చిలుకూరు (1941), భువనగిరి (1944) సభలు నాటి నల్లగొండ, పాలమూరు జిల్లాలలోనే జరిగాయి. సభ పెట్టుకోవడానికి ముందుగా అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్న కాలమది. ఆ పరిస్థితిలో సభ చేయగలిగిన పని తీర్మానించడం. వెట్టి, మాతృభాషలో విద్య, పౌరస్వేచ్ఛ వంటి విషయాలపై తీర్మానాలు వచ్చాయి. తీర్మానం వాక్యనిర్మాణం అందరికీ తెలిసినదే: కర్త సభ, క్రియ 'కోరుచున్నది', ఎవరిని కోరుతున్నదో వారు ప్రభుత్వం. విశేషణాలు తక్కువ, సంఖ్యలు ఎక్కువ.

సాహిత్యచరిత్రకారులు ఆంధ్రమహాసభలను సాయుధపోరాటానికి ఉపోద్ఘాతంగా చదివారు. భువనగిరి తరువాత జరిగినదాన్ని బట్టి అది సహజమే. కాని ఆ చదువులో తీర్మానం పిరికితనానికీ తుపాకి ధైర్యానికీ గుర్తులయ్యాయి. కోరటంలోని సాహసం మరుగునపడింది.

354, 480

1934లో సురవరం గోలకొండ కవుల సంచిక ప్రకటించాడు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు అది జవాబు. 354 మంది కవులు అందులో ఉన్నారు. ఆ సంచికలోని పద్యాలన్నీ గొప్పవని ఎవరూ అనరు, సురవరం కూడా అలా అనుకొని ఉండడు. సంచిక చేసిన వాదం పద్యాల నాణ్యతలో లేదు, పట్టికలో ఉన్నది. 'లేరు' అన్నవాడి ముందు పేరు తరువాత పేరు పెట్టుకుంటూ పోవడమే ఆ వాదపద్ధతి. ఇది ఒక మహజరు, సంతకాలకు బదులు పద్యాలున్న మహజరు.

అరవై రెండేళ్ల తరువాత నల్లగొండ లోక్‌సభ నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు పోటీలో నిలిచారు. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి జిల్లా తాగునీటి, సాగునీటి సమస్యపై దేశం దృష్టిని మళ్లించడానికి ఎంచుకున్న మార్గమది. శ్రీశైలం ఎడమగట్టు కాలువ ద్వారా కృష్ణానీరు జిల్లా మెట్టప్రాంతానికి రావాలన్నది వారి ప్రధానమైన కోరిక. 1967లో జాతికి అంకితమైన నాగార్జునసాగరం ఇదే జిల్లా నేలమీద ఉన్నది. ఎడమకాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు వరి పండుతున్నది. ఎత్తుమీద ఉన్న మునుగోడు, దేవరకొండ, మర్రిగూడ వైపు పల్లెలు బోరునీటితో మిగిలాయి. నీరు దూరంగా ఉన్నందువల్ల కాదు, పల్లంలో ఉన్నందువల్ల అందలేదు.

'జల సాధన సమితి' అన్న పేరును ముందుగా చదవాలి. సాధన అంటే తపస్సు, అభ్యాసం, సాధించటం. 'పరిరక్షణ', 'పోరాట', 'బాధితుల' వంటి మాటలు అందుబాటులో ఉండగా 'సాధన' ఎన్నుకోవటంలో ఫలాపేక్ష స్పష్టంగా ఉన్నది. బాధితుల సంఘమని పేరు పెట్టుకొని ఉంటే దాని స్వరం వేరుగా ఉండేది.

ఇక 480 పేర్ల మతపత్రం. అప్పటి నియమం ప్రకారం అభ్యర్థుల పేర్లు పార్టీలతో నిమిత్తం లేకుండా అక్షరక్రమంలో ఉండేవి. గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులను ముందువరుసలో చేర్చే పద్ధతి ఆ ఏడాది తరువాత వచ్చిన సవరణతో మొదలైంది. కాబట్టి ఆ మతపత్రంలో పెద్ద పార్టీల అభ్యర్థులు కూడా నీటికోసం నిలబడిన రైతుల పేర్ల మధ్య, అకారాది నిఘంటువులో ఒక మాటలాగా, ఎక్కడో ఒకచోట దొరకవలసినవారే. ప్రతి అభ్యర్థికీ ఒక గుర్తు కావాలి. మతపత్రం ఒక కాగితంగా సరిపోక పుస్తకంగా అచ్చయింది. ఎన్నికల సంఘం ఖర్చుతో అచ్చయి, నియోజకవర్గంలోని ప్రతి ఓటరు చేతికీ చేరిన వినతిపత్రం అది. తెలుగులో మరే అర్జీకీ ఇంత పాఠకవర్గం లభించి ఉండదు.

దీనిని నేను వ్యాజస్తుతిగా చదువుతాను. పైకి చూస్తే ఆ 480 మంది చేసినది ప్రజాస్వామ్య ప్రక్రియ పట్ల పరిపూర్ణ విశ్వాస ప్రకటన. నియమాలన్నీ పాటించారు, 500 రూపాయల ధరావతు చెల్లించారు, పరిశీలనకు హాజరయ్యారు. ఎన్నికలను బహిష్కరించలేదు. అంతకన్నా స్తుతి ఏముంటుంది? లోపలి అర్థం మాత్రం నింద: మీరు పెట్టిన తలుపు ఇదొక్కటే గనుక మేమందరం ఈ తలుపు గుండానే వస్తాం, పడుతుందేమో చూడండి. ఆంధ్రనాయక శతకం చదివినవారికి ఈ నడక కొత్తగా తోచదు. నియోజకవర్గ చరిత్ర తెలిసినవారికి మరొక పొర కూడా కనబడుతుంది. 1952లో ఇదే నల్లగొండనుండి రావి నారాయణరెడ్డి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లతో గెలిచాడు. ఒక్క పేరు మీద లక్షల ఓట్లు కుప్పపోసిన ప్రజలు 1996లో పేర్లనే కుప్పపోశారు. ఆ ఎన్నికలో గెలిచిన బొమ్మగాని ధర్మభిక్షం కూడా ఆ పోరాటపరంపరకు చెందినవారే. అర్జీ ఆయనకు వ్యతిరేకంగా పెట్టినది కాదు.

రాజ్యం ఈ పాఠాన్ని ఎలా చదివింది? అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానంలో 1033 మంది, కర్ణాటకలోని బెళగావి లోక్‌సభ స్థానంలో 456 మంది నిలబడ్డారు. 1996లోనే ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ ధరావతును 500 నుండి 10,000 రూపాయలకు పెంచారు, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు. గంభీరత లేని అభ్యర్థులను నివారించడం ఉద్దేశమన్నారు. అంటే రాజ్యం ఆ పట్టికను హాస్యంగా చదివింది. సాహిత్య విమర్శ అదే ప్రజలను కరుణగా చదివింది. ఒకరు నవ్వుకొని తలుపు ఇరుకు చేశారు, మరొకరు కంటతడి పెట్టి పీఠిక రాశారు. వారు ఏమి అడిగారో ఇద్దరూ చదవలేదు. కాగా ఇరుకైన తలుపును కూడా దాటవచ్చని తరువాత తెలిసింది: 2019లో నిజామాబాదు లోక్‌సభ స్థానంలో పోటీచేసిన 185 మందిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు. ఆ రైతులు నల్లగొండను చదివారనే అనుకోవాలి.

ఒక ఆక్షేపణ రావచ్చు. మతపత్రం సాహిత్యం కాదు, నామినేషను కవిత్వం కాదు, వీటిని అలంకారశాస్త్రంతో చదవటం పరిభాషను పలచబరచటం కాదా? పరిభాష పలచబడకూడదన్న ఆందోళన సరైనదే. కాని శాసనాలను సాహిత్యంగా చదివి, వాటిలో ఛందస్సును, శైలిని చర్చించే శాఖలు మనవి. దానపత్రం సాహిత్యచరిత్రలో స్థానం పొందగలిగితే అర్జీకి ఆ గౌరవం ఎందుకు ఉండరాదు? ఇచ్చినవాడి మాట రాతిమీద ఉన్నందున నిలిచింది, అడిగినవాడి మాట కాగితంమీద ఉన్నందున చెదకు పోయింది. మన సాహిత్యచరిత్ర ఈ తేడాను ప్రమాణంగా తీసుకోరాదు.

మేము, మన

తెలుగులో ఉత్తమపురుష బహువచనం రెండు విధాలు. వినేవాడిని కలుపుకొనేది 'మనము', వినేవాణ్ణి విడిచిపెట్టేది 'మేము'. అర్జీకి 'మేము' తప్పనిసరి. 'మా ఊరికి మంచినీళ్లు లేవు' అన్న వాక్యంలో చదివే అధికారి ఆ ఊరివాడు కాడన్నది వ్యాకరణమే చెబుతుంది. ఈ దూరమే అర్జీకి బలం. దూరం ఉంటేనే అడగటానికీ ఇవ్వటానికీ చోటుంటుంది.

ఉద్యమపాటకు కావలసింది 'మన'. తెలంగాణ ఉద్యమంలోని పాట నల్లగొండ ఫ్లోరైడును మన బాధగా, మన అవమానంగా మార్చింది. ఆదిలాబాదు శ్రోత కూడా ఆ వంగిన వెన్నును తన వెన్నుగా అనుభవించాడు. ఇది చిన్న విజయం కాదు. గోస కవిత్వానికి ఉన్న న్యాయమైన గౌరవం ఇక్కడినుండే వస్తుంది. అందులో అర్జీ లక్షణాలు పూర్తిగా లేకపోలేదు కూడా. గోరటి వెంకన్న పల్లె విధ్వంసం గురించి రాయగా 2002లో కుబుసం చిత్రం ద్వారా ఇంటింటికీ చేరిన పాటను గమనిస్తే, అది మూలపడిన వృత్తులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంటూ పోతుంది. రాగం విలాపానిది, నిర్మాణం మహజరుది. నాగరుకర్నూలు ప్రాంతపు కవికి సురవరం పద్ధతి అబ్బటంలో ఆశ్చర్యం లేదు.

సమస్య 'మన' గెలిచిన తరువాత మొదలవుతుంది. ఫ్లోరైడుపై ఉద్యమసభల్లో పాడిన పాట తానే రాశానని కె. చంద్రశేఖరరావు బహిరంగసభల్లో చెప్పుకున్నారు. 2014లో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. గోసను పాటకట్టినవాడే అర్జీ అందుకొనేవాడు కావటం తెలుగు సాహిత్యచరిత్రలో అరుదైన సన్నివేశం. అదే ఏడాది ప్రభుత్వం చేపట్టిన గ్రామీణ ప్రణాళికా కార్యక్రమం పేరు 'మన ఊరు, మన ప్రణాళిక'. 2022లో బడుల మరమ్మతు కార్యక్రమం 'మన ఊరు, మన బడి'. పాలకుడు 'మన' అన్నప్పుడు ఊరివాళ్ల 'మేము' ఎక్కడికి పోవాలి? వినేవాడు మనలోవాడే అయితే అర్జీ ఎవరికి పెట్టాలి? 2014 తరువాత నల్లగొండ నీటి కవిత్వం కొంతకాలం మౌనం వహించిందని కొందరు ఫిర్యాదు చేయటం విన్నాను. ఆ మౌనానికి కవుల పక్షపాతమొక్కటే కారణం కాదు. 'మన'లో రాయటానికి అలవాటుపడిన కలానికి 'మేము' వెంటనే పలకదు.

దీనికి ప్రతిగా, ప్రభుత్వం ఆ కాలంలో పని చేయలేదనటం కూడా అన్యాయమే. 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో ఇంటింటి తాగునీటి పథకానికి (తరువాత మిషన్ భగీరథగా పేరుపొందినది) పైలాన్ ఆవిష్కరించారు. ఆ వారంలోనే పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు భూత్పూరు మండలం కర్వెనలో, డిండి ఎత్తిపోతలకు మర్రిగూడ మండలం శివన్నగూడెంలో శంకుస్థాపనలు జరిగాయి. తెలంగాణలో ఫ్లోరైడు పీడిత ఆవాసాలు 2015లో 967 ఉండగా 2020 నాటికి సున్నాకు చేరాయని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. అర్జీకి జవాబు వచ్చింది. మనుమరాలి పన్నుకు ఆ జవాబు చాలును. తాత మోకాలికి ఆ సున్నా వర్తించదు. ఆవాసం లెక్క నీటిది, మనిషిది కాదు.

జవాబు రూపాన్ని కూడా చదవవలసి ఉన్నది. కందూరు చోడులు పానగల్లులో ఉదయసముద్రం తవ్వించారు. నేటికీ అది కృష్ణానీటిని నిలువచేసుకొనే జలాశయంగా పనిచేస్తున్నది. ఆనాటి చెరువు శాసనాలు సాధారణంగా పని జరిగిన తరువాత వేసినవి, జరిగినదాన్ని చెప్పి దానికి హాని చేసేవాణ్ణి శపించేవి. నేటి శిలాఫలకం పనికి ముందు పుడుతుంది. దాని కాలం భవిష్యత్తు, శాపభాగం లేదు. శ్రీశైలం ఎడమగట్టు సొరంగం దీనికి విషాదకరమైన ఉదాహరణ. 1996 మతపత్రం అడిగిన నీటికి దారి కావలసిన ఆ సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వద్ద పైకప్పు కూలి ఎనిమిదిమంది కార్మికులు, ఇంజనీర్లు చిక్కుకుపోయారు. సొరంగం నేటికీ పూర్తికాలేదు.

పాలమూరు: ఊరిలో లేని అర్జీదారు

ఇంతదాకా చెప్పినది ఎక్కువగా నల్లగొండకు వర్తిస్తుంది. పాలమూరులో అర్జీ స్వరానికి వేరే చిక్కు ఉన్నది. అర్జీ పెట్టేవాడు ఊళ్లో ఉండాలి, అతనికి ఇంటి నెంబరు ఉండాలి, జవాబు వచ్చేదాకా వేచి ఉండాలి. గుంపు మేస్త్రి వెంట దేశంలోని ఆనకట్టలకూ కాలువలకూ మట్టిపనికి పోయిన మనిషి ఇవేవీ చేయలేడు. నల్లగొండవాసి చెడునీటి పక్కనే ఉండిపోయాడు, పాలమూరువాసి నీరులేక వెళ్లిపోయాడు. అందుకే నల్లగొండ సాహిత్యానికి కేంద్రం శరీరం, పాలమూరు సాహిత్యానికి కేంద్రం ప్రయాణం. పేర్ల విషయంలోనూ ఇదే జరిగింది. ఫ్లోరైడును పటిక, సున్నాలతో తొలగించే పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970లలో రూపొందించగా అది 'నల్లగొండ టెక్నిక్' పేరుతో టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. పాలమూరు పేరు మట్టితట్ట ఎత్తినవాడితో కలిసి పోయి, 'పాలమూరు లేబర్' అన్న సమాసంలో ఒక విశేషణంగా మిగిలింది.

ఊరిలో లేని అర్జీదారు పక్షాన ఎవరు అడగాలి? పాలమూరులో ఆ పని కొంత కరువు వ్యతిరేక పోరాట కమిటీ, పాలమూరు అధ్యయన వేదిక వంటివి చేశాయి. రెండవదాని పేరులో 'అధ్యయనం' ఉండటం యాదృచ్ఛికం కాదు. ఆయకట్టు ఎంత, నికరజలం ఎంత, వాటా ఎంత అని లెక్కగట్టి ప్రశ్నించే వ్యాసం, కరపత్రం పాలమూరు ఉద్యమానికి ముఖ్యమైన ప్రక్రియలయ్యాయి. ఈ వచనం పొడిగా ఉంటుంది. క్యూసెక్కులు, టీఎంసీలు, కాంటూరు గీతలతో నిండి ఉంటుంది. మన శాఖల్లో పాలమూరు సాహిత్యంపై వచ్చే పరిశోధనలు వలస కథలనూ పాటలనూ తీసుకొని ఈ వచనాన్ని 'నేపథ్యం' అనే మొదటి అధ్యాయంలో నాలుగు పుటలలో ముగిస్తాయి. కథలోని తల్లి కన్నీటికి రెండు అధ్యాయాలు కేటాయించి, ఆమె కొడుకు ఇంటికి రావాలంటే ఎన్ని టీఎంసీలు కావాలో లెక్కగట్టిన వాక్యానికి పాదసూచిక ఇవ్వటం ఎలాంటి తూకమో ఆలోచించవలసి ఉన్నది. ఆ వాక్యంలో సాపేక్ష భావం కథలోకన్నా బలంగా ఉన్నది.

అర్జీ భాష ప్రజలదేనా అన్న ప్రశ్న ఇంకా మిగిలి ఉన్నది. ఇది నా వాదానికి నిజమైన ఇబ్బంది. కలెక్టరు కార్యాలయాల్లో సోమవారం ప్రజావాణి జరుగుతుంది. వచ్చినవారిలో అనేకులు అర్జీని స్వయంగా రాయరు. బయట కూర్చున్న అర్జీ రాసేవారితోనో, చదువుకున్న పిల్లవాడితోనో రాయిస్తారు. 'మా దిక్కు నల్లాల నీళ్లొస్తలేవు సారూ, పదిహేను దినాలాయె' అని చెప్పిన మాట కాగితంమీద 'మా గ్రామమునందు త్రాగునీటి సరఫరా గత పదిహేను దినములుగా నిలిచిపోయినందున' అవుతుంది. 'సారూ' అన్న సంబోధన 'గౌరవనీయులైన' అవుతుంది. నుడికారం పోతుంది, గోస తగులుతుందన్న బెదిరింపు పోతుంది. అక్షరాలా చూస్తే ఆ వాక్యానికి కర్త రాసిపెట్టినవాడే. మౌఖిక సాహిత్య సేకరణలో పాఠాన్ని చెప్పినవారికీ రాసుకున్నవారికీ మధ్య జరిగే మార్పును గురించి మనకు పరిశోధనపద్ధతులు ఉన్నాయి. వాటిని ఈ కాగితాలకు వర్తింపజేసినవారు తక్కువ.

ఆ కాగితాల్లో అర్జీ ఒక పుటకు మించదు. దానికి జతపరచిన పుటలు మాత్రం అనేకం ఉంటాయి. వాటిలో గడులు గీసి వరుససంఖ్య, పేరు, తండ్రి లేక భర్త పేరు, సంతకం ఉంటాయి. భాష మారకుండా వచ్చేది ఆ భాగమే. పొట్టిపేర్లు, ఇంటిపేర్లు ఊళ్లో పలికినట్టే ఉంటాయి, వంకర సంతకాలు, వేలిముద్రలు ఉంటాయి. కార్యాలయం మొదటి పుటను దస్త్రంలో చేర్చి తక్కిన పుటలను జతపత్రాలుగా లెక్కిస్తుంది. పరిశోధకుడు చదవవలసిన పాఠం ఆ జతపత్రాలలోనే మొదలవుతుంది.